గడప దాటిన చెత్త

ఇల్లు చూచి యిల్లాలిని చూడుమని మన పెద్దలు చెప్పిరి. వీధిని చూచి యెవరిని చూడవలెనో వారు చెప్పలేదు. చెప్పకపోవుటకు కారణము లేకపోలేదు. ఇల్లు నాదని చెప్పుకొనువా రున్నారు. వీధి నాదని చెప్పుకొనువారు నేటివఱకు పుట్టలేదు. వేకువనే లేచి, వాకిలి యూడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు తీర్చి, ఊడ్చిన తుక్కును ఎదురింటి గోడప్రక్కకు త్రోయు గృహిణియు, దానిని మఱల నీవలికి త్రోయు నెదురింటి గృహిణియు ఇరువురును శుభ్రత యెఱిగినవారే. వారి యిండ్లు రెండును అద్దములవలె నుండును. నడుమ నున్న కుప్పకు మాత్రము తల్లియు లేదు, తండ్రియు లేడు. స్త్రీలనే యననేల? ఉద్యోగమునకు బోవుచు బండి హ్యాండిలునకు చెత్తసంచి తగిలించుకొని, కాలువ వంతెనపై వేగము తగ్గింపకయే దానిని నీటిలోనికి విసరి, తరువాతి వీధిలో స్వచ్ఛతనుగూర్చిన బ్యానరు క్రింద నిలిచి టీ త్రాగు పట్టభద్రులను ప్రతి పట్టణమునందును చూడవచ్చును.

ఈ విషయమును మే మిప్పు డెత్తుటకు కారణ మున్నది. 2016వ సంవత్సరపు ఘనవ్యర్థముల నియమములకు బదులుగా కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖవారు 2026 జనవరిలో క్రొత్త నియమములను ప్రకటించిరి. ఏప్రిల్ 1వ తేది వాని అమలునకు నిర్ణయింపబడినది. పూర్వము మూడు విధములుగా వేఱుచేయుమనిన చెత్తను ఈ నియమములు నాలుగు విధములుగా వేఱుచేయుమనుచున్నవి. వంటింటి తొక్కలు, మిగిలిన యన్నము, మాంసపు వ్యర్థము, పూజచేసిన పూవులు తడిచెత్త. కాగితము, గాజు, లోహము, ప్లాస్టిక్కు పొడిచెత్త. పిల్లల డైపర్లు, ఋతుకాలపు ప్యాడ్లు మొదలగునవి గట్టిగా చుట్టి విడిగా నుంచవలసిన మూడవ రాశి. కాలము చెల్లిన మందులు, బల్బులు, రంగుల డబ్బాలు, పాదరసపు థర్మామీటర్లు జాగ్రత్తతో నప్పగింపవలసిన నాలుగవ రాశి.

ఢిల్లీలో వ్రాసిన నియమము దానంతట నది మన వీధికి నడచి రాదు. దానిని ఊరి నియమముగా వ్రాసికొనవలసినవి పురపాలక సంఘములును, పంచాయతీలును. ఏ యింటికి చెత్తబండి యెప్పుడు రావలెను, ఏ దుకాణ మెంత రుసుము చెల్లింపవలెను, వేఱుచేయనివానికి శిక్ష యేమి, వేఱుచేసినదానిని మఱల కలిపినవానికి శిక్ష యేమి, ఇవి యన్నియు ఊరి నియమమునందే తేలవలసినవి. 2000వ సంవత్సరమున మొదటి నియమములు వచ్చినవి, 2016లో రెండవవి, ఇప్పుడు మూడవవి. నియమము మాఱుచునే యున్నది; మన చేతి యలవాటు మాత్రము మాఱలేదు. కావున ఊరి నియమమును తిరుగ వ్రాయునప్పుడు దేనిని మూలసూత్రముగా పెట్టుకొనవలెనో స్పష్టముగా చెప్పుట మా యుద్దేశము. చెత్తను పుట్టించినవాడే దానిని వేఱుచేయవలెను. ఆ పనిని మఱియొకరి చేతులలోనికి త్రోయుటకు వీలులేకుండ చేయని నియమము ఎన్ని పుటలున్నను నియమము కాదు.

వేఱుచేయుట యనునది నేడును జరుగుచునే యున్నది. ఎవరు చేయుచున్నా రనునదే ప్రశ్న. వంటింటిలో క్షణములో తీఱిపోవు పనిని మనము చేయక, నిన్నటి సాంబారు, పగిలిన గాజుగ్లాసు, బిడ్డ డైపరు, మందుసూది, పాత కాగితము అన్నింటిని ఒక్క నల్లసంచిలో మూటగట్టి యిచ్చివేయుదుము. చెత్తబండియొద్ద దాని నొకరు విప్పుదురు. వారి చేతికి తొడుగు ఉండవచ్చును, ఉండకపోవచ్చును. అచట మిగిలినదానిని డంపింగ్ యార్డులో పొగనడుమ మఱియొకరు ఇనుపకొక్కెముతో కెలకి, సీసాలును తగరపుముక్కలును ఏఱుకొందురు. గాజుముక్క కోయునది వారి చేతిని; సూది గ్రుచ్చుకొనునది వారి వ్రేలిని. మన పట్టణములలో పారిశుద్ధ్యపు పనివారిలో నత్యధికులు దళిత కుటుంబములవా రనుట యెఱుగనివారు మా పాఠకులలో లేరు.

మన యిండ్లలో ఎంగిలి యనిన నెంత పట్టింపు! ఒకరు పెదవి తగిలించిన గ్లాసును మఱియొకరు ముట్టరు. అన్నము తినుచున్న చేయి గరిటెకు తగిలిన గగ్గోలు పుట్టును. మడి గట్టుకొనిన అత్తగారికి విడిచిన బట్ట తగిలిన మఱల స్నానము. ఇంత పట్టింపుగల కుటుంబము, ఇంటిల్లిపాది యెంగిలిని, మలమును, నెత్తురును ఒక్క సంచిలో కలిపి, ముక్కు మొగ మెఱుగని యొక స్త్రీచేత విప్పించుటకు రవంతయు సంకోచింపదు. ఇది శౌచము కాదు. మైలను పోగొట్టుటయు కాదు. మైలను మఱియొకరి కంటగట్టుట. అస్పృశ్యతను మన రాజ్యాంగము 17వ అధికరణమున రద్దు చేసినది. చట్టములో చచ్చిన యా దురాచారము మన చెత్తసంచిలో బ్రదికి యున్నదని మే మనుచున్నాము. చేతితో మలమెత్తు వృత్తిని 1993లో నొక చట్టమును, 2013లో నింకొక చట్టమును నిషేధించినవి. కలిపిన చెత్తలోనుండి డైపరును ఒకరిచేత తీయించుట ఆ చట్టముల మాటలకు చిక్కకపోవచ్చును. వాని భావమునకు విరుద్ధము కాదని చెప్పుట కెవరికి నోరు వచ్చును?

1901లో కలకత్తా కాంగ్రెసు మహాసభకు బోయిన గాంధీగారు అచటి మరుగుదొడ్ల దుస్థితిని స్వచ్ఛందసేవకులకు చూపగా, అది తమ పని కాదు, పాకీవాని పని యని వారు బదులు చెప్పిరట. ఆయన చీపురు తెప్పించుకొని స్వయముగా శుభ్రము చేసికొనెను. ఈ సంగతిని ఆయనయే తన యాత్మకథలో వ్రాసికొన్నాడు. మన మిప్పుడు ఆయన కండ్లద్దాలను గోడలపై చిత్రించుకొన్నాము. చీపురును మాత్రము మఱల పాకీవానికే యిచ్చివేసితిమి.

చెత్తను వేఱుచేయుట పాశ్చాత్యుల ఆచారమనియు, మన సంప్రదాయమునకు క్రొత్తయనియు కొందఱందురు. సంప్రదాయమును పేర్కొనువారు దానిని చదివియుండిన బాగుండును. యోగసూత్రములలో నియమము లైదింటియందును మొదటిది శౌచము. 1909లో శామశాస్త్రిగారు మైసూరునందు అచ్చువేయించిన కౌటిల్యుని అర్థశాస్త్రమునందు వీధిలో చెత్త పోసినవానికి పణములో నెనిమిదవ వంతు జరిమానా. నీరు నిలిపి బురద చేసినవానికి నాలుగవ వంతు. ఆ పని రాజమార్గమున చేసినవానికి రెట్టింపు. వీధి యెవరిదో యెఱుగని జాతి యిట్టి శాసనమును వ్రాసికొనదు. మన మెఱిగి మఱచినవారము.

ఇక తాతలనాటి యిల్లు. ఆ యింట చెత్తబుట్టతో పనియే తక్కువ. బియ్యము కడిగిన నీరును, కూరగాయల తొక్కలును కుడితితొట్టికి పోయెడివి. పేడ, బూడిద, ఆకుతుక్కు పెంటకుప్పకును, అచటినుండి పొలమునకును పోయెడివి. పాతచీర బొంత యయ్యెడిది. బొంత చినిగి మసిగుడ్డ యయ్యెడిది. అది యంతయు మన పూర్వుల పుణ్యమే యని మే మనము. అందు సగము లేమి. కాని ఆ యింటివా రెవ్వరును కుడితిలో గాజుముక్క వేయలేదు. ఏలనన దానిని త్రాగునది తమ గేదె. నేడు మూడవ అంతస్తులో కుడితితొట్టి లేదు, గేదె లేదు. వీధిలో నున్న యావు మాత్రము మన మిగిలిన యన్నమును సంచితో కూడ మ్రింగుచున్నది. గోమాతకు నమస్కరించు చేతులే యా సంచికి ముడి వేసినవి.

వేఱుచేయుట తెలియదనువారి మాట నమ్మదగినది కాదు. పాతపేపర్లవాడు వాకిట కేకవేయగానే అటకపైనుండి వార్తాపత్రికలు, నోటుపుస్తకములు, ఖాళీసీసాలు, ఇనుపముక్కలు వేఱువేఱుగా దిగును. తూనికలో పావుకిలో తగ్గెనని గంటసేపు వాదము జరుగును. విలువ వచ్చుచోట వేఱుచేయుట మనకు బాగుగనే తెలియును. విలువ మనకు గాక మఱియొకరి యారోగ్యమునకు వచ్చునపుడు మాత్రమే తీరిక లేదు, చోటు లేదు!

నియమముచేత అలవాటును మార్చవచ్చునా యని సందేహించువారికి పారిసు నగరపు చరిత్రము సమాధానము చెప్పును. అచటి అధికారి యుజేన్ పుబెల్ యనునతడు 1883లో ఇంటియజమానులందఱును మూతగల డబ్బాలు పెట్టవలెనని శాసించెను. కుళ్లిపోవు చెత్త కొకటి, కాగితమునకును గుడ్డలకును ఒకటి, పింగాణిముక్కలకును ఆలుచిప్పలకును ఒకటి. యజమానులు ఖర్చని మొఱపెట్టిరి. చెత్త యేఱుకొని బ్రదుకువారు తమ కూడు పోవునని మొఱపెట్టిరి. పత్రికలు పరిహాసముగా డబ్బాకు అతని పేరు పెట్టినవి. నేటికిని ఫ్రెంచిభాషలో చెత్తడబ్బాకు పుబెల్ అనియే పేరు. పరిహాసము పోయినది, డబ్బా నిలిచినది. అయితే యజమానుల మొఱ వంటిది కాదు ఏఱుకొనువారి మొఱ. దానిని మన నియమము వినవలెను.

ఇప్పుడు మనవారి యాక్షేపణలకు వత్తము. మొదటిది మిక్కిలి బలమైనది. “మేము వేఱుచేసి యిచ్చినను బండిలో అంతయు కలిపివేయుచున్నారు, ఇక మా శ్రమ యెందుకు?” ఇది అబద్ధము కాదు. పెక్కు పట్టణములలో జనులు కన్నులార చూచుచున్నదే. ఇంతకంటె హానికరమైన పాఠమును ఏ యధికారియు ప్రజలకు నేర్పలేడు. పది దినములు శ్రద్ధతో వేఱుచేసిన యిల్లాలు పదునొకండవ దినమున బండిలో తన రెండు డబ్బాలును ఒక్క గోతిలో పడుట చూచినయెడల, ఆమెకు మఱల నమ్మకము కలిగించుటకు పదేండ్లు చాలవు. కాని దీనివలన తేలునది వేఱుచేయవలదని కాదు. నియమము రెండువైపుల గట్టవలెనని. ఇంటివానికి జరిమానా వ్రాసిన కలముతోనే, చెత్తను కలిపిన గుత్తేదారునకును జరిమానా వ్రాయవలెను. బండిలో అఱలు లేనిచో ఇంటిలో డబ్బాలనుగూర్చి ఉపన్యసించుట కెవరికిని అధికారము లేదు.

రెండవ యాక్షేపణము పన్నునుగూర్చినది. “మేము పన్ను కట్టుచున్నాము, ఎత్తుకొనిపోవుట వారి పని.” ఆంధ్రప్రదేశమున 2021లో పట్టణములలో ఇంటింటి చెత్తసేకరణకు నెలసరి రుసుము విధింపబడినది. జనులు దానికి చెత్తపన్నని పేరుపెట్టి నిరసించిరి. 2024 అక్టోబరు 2వ తేదిని మచిలీపట్టణమున ముఖ్యమంత్రి దాని రద్దును ప్రకటించెను. వేసినవారిని గాని తీసినవారిని గాని పొగడుట మా పని కాదు; తెగడుటయు కాదు. ఆ వాదములో నెవరును అడుగని ప్రశ్న నొకదానిని మే మడుగుచున్నాము. చెత్తను శ్రద్ధగా వేఱుచేసిన యింటికిని, అంతయు కలిపి విసరిన యింటికిని ఒక్కటే రుసుమైనప్పుడు, ఆ రుసుము నేర్పిన దేమి? ఇద్దఱకును రద్దు చేసినప్పుడు ఆ రద్దు నేర్పిన దేమి? పన్ను ఎత్తుటకు కూలి. వేఱుచేయుట పౌరుని ధర్మము. కూలి యిచ్చినంతమాత్రమున ధర్మము తీఱదు. గురువునకు జీతమిచ్చినాము గదా యని బిడ్డకు బదులుగా గురువునే పరీక్ష వ్రాయుమందుమా?

మూడవవారు యంత్రమును నమ్ముకొన్నవారు. “అంతయు కాల్చి విద్యుత్తు చేయవచ్చును గదా!” మన యిండ్ల చెత్తలో సుమారు సగము తడిచెత్త. తడిసిన కట్టె పొయ్యిలో నెట్లు మండునో వంట చేసినవారికి చెప్పనక్కఱలేదు. పొడిచెత్తలో తడి కలిసినచో కాగితము పనికిరాదు, ప్లాస్టిక్కు పనికిరాదు, ఎరువు పనికిరాదు. తడిచెత్త గుట్టలో గాలి తగులక కుళ్లినప్పుడు మీథేను వాయువు పుట్టును. గుట్టలు తఱచుగా అంటుకొని దినములతరబడి పొగలు గ్రక్కుటకు అది యొక కారణము. హైదరాబాదు చెత్తను ఏండ్లతరబడి మోసిన జవహర్‌నగరపు గుట్టనుండి కాఱిన నల్లని రసము మల్కారము చెఱువును పాడుచేసినది. తరువాత ఆ గుట్టపై పొరలు కప్పిరి. కప్పిన గుట్ట కంటికి కనబడదు; అంతమాత్రమున లేకపోదు. అచట విద్యుత్తు తీయు యంత్రమును పెట్టిరి; అయినను యంత్రము ముందఱ చెత్తను వేఱుచేయక తప్పలేదు. ఇందూరులో దినమునకు 550 టన్నుల తడిచెత్తనుండి వాయువు తీయు కర్మాగారము 2022లో ప్రారంభమైనది. దాని రహస్యము యంత్రములో లేదు. ఇంటినుండియే తడిచెత్త విడిగా వచ్చుటలో నున్నది. అంత దూరము పోనక్కఱలేదు. ఈ శతాబ్దపు తొలియేండ్లలోనే మన సూర్యాపేట యింటింట తడిపొడి చెత్తలను వేఱుగా సేకరించి, తడిదానిని వానపాముల యెరువుగా మార్చి పేరు పొందినది. తెలుగువారికి చేతకాని పని కాదని చెప్పుట కది చాలును.

గృహస్థులను ఇంతగా ననిన మేము వర్తకులను విడిచిపెట్టితిమని తలపవలదు. ఒక కల్యాణమండపము ఒక్క రాత్రి పుట్టించు చెత్త వీధియంతయు నెలరోజులు పుట్టింపదు. వెయ్యి విస్తళ్లలో సగము తిని వదలిన యన్నము, ప్లాస్టిక్కు నీళ్లసీసాలు, కాగితపు గ్లాసులు, పూలదండలు అన్నియు తెల్లవారునప్పటికి ఒక్క కుప్ప. కాగితపు గ్లాసనుకొనునది నిజముగా కాగితము కాదు. లోపల ప్లాస్టిక్కు పూత గలది. నూఱుగురికి మించిన జనము కూడు వేడుక అనుమతిలేని స్థలమున జరిగినచో మూడు పనిదినములు ముందుగా స్థానికసంస్థకు తెలిపి, చెత్తను వేఱుచేయవలెనని 2016 నాటి నియమములలోనే యుండెను. ఏ శుభలేఖలోనైనను ముహూర్తముతోపాటు ఆ సంగతి యెవరైన తలచిరా? కర్రీపాయింటువాడు పొగలుగ్రక్కు సాంబారును పలుచని ప్లాస్టిక్కు సంచిలో పోసి ముడివేయుచున్నాడు. మనము దానినే ఇంటికి తెచ్చి బిడ్డలకు వడ్డించుచున్నాము. 120 మైక్రాన్లకు తక్కువ మందముగల చేతిసంచులు 2022 డిసెంబరు 31 నుండి నిషిద్ధములు. అయినను సంతలో కొత్తిమీర కట్టకొక సంచి. అమ్మువానిని దండింపవలెను, నిజమే. గుడ్డసంచి చేతబట్టుకొని పోవుటకు సిగ్గుపడు కొనువాని నేమి చేయవలెను?

ఊరి నియమమును తిరుగ వ్రాయువారు ఈ క్రింది యంశములను చేర్చవలెనని మా మనవి. మొదటిది: వేఱుచేయని చెత్తను బండి యెత్తరాదు, మొదటి మాఱు చెప్పి చూడవలెను, రెండవ మాఱు వ్రాసి యీయవలెను, మూడవ మాఱు జరిమానా వేయవలెను. రెండవది: వేఱుచేసిన చెత్తను కలిపిన బండిని నిలిపి ఫిర్యాదుచేయు హక్కు ప్రతి గృహస్థునకు ఉండవలెను, ఆ ఫిర్యాదుపై తీసికొన్న చర్యను వార్డు కార్యాలయమున అందఱకు కనబడునట్లు వ్రాసి పెట్టవలెను. మూడవది: రుసుము వేయు ఊరిలో, తడిచెత్తను ఇంటనే కుండలో ఎరువు చేసికొనువారికి దానిని తగ్గింపవలెను, కలిపి వేయువారికి హెచ్చింపవలెను. నాలుగవది: దినమునకు నూఱు కిలోలకు తక్కువగాని చెత్త పుట్టించు హోటళ్లు, కల్యాణమండపములు, ఆసుపత్రులు, అపార్టుమెంటులు దాని భారమును తామే వహింపవలెను, వ్యాపారపు లైసెన్సు తిరుగ వ్రాయించుకొనునప్పుడు ఆ లెక్కను చూపవలెను. ఐదవది: చెత్త యేఱుకొని బ్రదుకువారిని దొంగలవలె తఱుమక, గుర్తింపుపత్రము, చేతితొడుగులు, వైద్యము, పొడిచెత్తపై హక్కు నీయవలెను. పూనాలో చెత్త యేఱుకొను స్త్రీలే స్వచ్ఛ్ అను సహకారసంఘముగా ఏర్పడి, నగరపాలక సంఘముతో ఒడంబడికచేసికొని, ఇంటింట చెత్త తీసికొనుచున్నారు. పారిసు నాటి మొఱకు ఇదియే న్యాయమైన జవాబు. ఆఱవది: ఆకులను, చెత్తను వీధిలో తగులబెట్టుట కెవరికిని మినహాయింపు ఉండరాదు, పురపాలక సంఘపు పనివారికిని, వారిని అట్లు చేయుమను మేస్త్రీలకును గూడ.

ఇట్టి నియమము కఠినమనువారు గలరు. కఠినమే. ఐతే నేడు కాఠిన్యము లేదా? ఉన్నది, నిరుపేద చేతులపై నున్నది. మేము కోరునది క్రొత్త భారము కాదు. ఉన్న భారము దానిని పుట్టించినవాని భుజముపైకి మఱలవలెనని మాత్రమే.

సంస్కరణమును కోరు కుటుంబములకు తుదిగా నొక్క మాట. మన బడులలో తడిచెత్త, పొడిచెత్త భేదము పాఠముగా నున్నది. పిల్లలు దానిని తప్పులేకుండ వ్రాసి మార్కులు తెచ్చుకొందురు. మధ్యాహ్నము అరటిపండు తిని తొక్కను కిటికీలోనుండి విసరుదురు. వారిని మేము మందలింపగా, “మా నాన్నగారును ఇట్లే వేయుదురండీ” యని వినయముతో బదులు చెప్పుదురు. ఆ బదులునకు ఉపాధ్యాయునియొద్ద ప్రత్యుత్తరము లేదు. పాఠ్యపుస్తకము బడిలో ఆఱు గంటలు మాటలాడును. తండ్రి చేయి యింటిలో దినమెల్ల మాటలాడును. అంటరానితనమును ఖండించుచు సభలలో తీర్మానించు గృహస్థుడు, ఇంటికి వచ్చి తన చెత్తసంచి నెవరు విప్పుదురో తన బిడ్డతో చెప్పవలెను. నాలుగు డబ్బాలను గృహిణి కప్పగించి తప్పుకొనక, డైపరును చుట్టుట, తొక్కలను కుండలో వేయుట తానును చేయవలెను. పురపాలక సంఘము నియమము వ్రాయువఱకు ఆగవలసిన పని లేదు. రేపటి తెల్లవారుజామున బండి గంట వినబడును. ఆ సంచిని విప్పువారికి చేయి తెగకుండ నుండవలెనా, వలదా యనునది ఈ రాత్రి మన వంటింటిలో తేలును.